ఎనిమిది సోమవారాలు

కాన్‌బెరాలో సోమవారం పొద్దున్న పదీ పదికి
మంత్రులు కానివాళ్ళ బిల్లులకి తలుపు తీస్తారు.
పన్నెండు దాకా వాళ్ళ వేళ.
పన్నెండు దాటితే వర్జ్యం.

నేను సభలో నీళ్ళు పోసే మనిషిని, పదకొండేళ్ళుగా.
గ్లాసు నింపి, చప్పుడు కాకుండా పెట్టి
వెనక్కి వెనక్కే నడిచొస్తాను.
నీళ్ళు నమిలేదెవరో, నిజంగా గొంతెండిందెవరికో
గ్లాసెత్తే తీరులోనే తెలిసిపోతుంది.

ఆ సోమవారం మెర్విన్ ఆట్రిజ్ లేచాడు.
గోధుమ చేల నియోజకవర్గం, వెనక బెంచీ,
తొమ్మిదేళ్ళలో ఇదే మొదటి బిల్లు.
కమిటీ కాగితం మీద అతనిదొక్క గీత:
ఆట్రిజ్, రైల్వే క్రాసింగులకు దీపాలు, పది నిమిషాలు.

పైన గ్యాలరీలో డల్సీ పెట్చెల్.
కరాబిన్ నుంచి రాత్రంతా బస్సు.
ఒళ్ళో కూరగాయల సంచీ,
సంచీలో తమ్ముడి లారీ లాగ్‌బుక్కు.
అందులో చివరి గీత:
4:40. టీకి ఆగాను.

గ్యాలరీకి నీళ్ళివ్వడం నా పని కాదు.

రెండు నిమిషాలు మర్యాదలకే పోయాయి.
కంగారులో నాలుగో పేజీ రెండుసార్లు చదివాడు,
గడియారం రెండుసార్లకీ లెక్క కట్టింది.
అప్పుడు కాగితాలు పక్కన పెట్టి చెప్పాడు:
గోధుమలెత్తిన గూడ్సుబండి
బ్రేకు పడ్డాక ఆగడానికి కిలోమీటరున్నర.
దీపం లేని చోట, మంచు పొద్దున్న,
లారీవాడికి దొరికేది ఏడు సెకన్లు.

ఏడు, అని ఆగాడు.
గ్లాసు అందుకోబోయి అందుకోలేదు.
ఎవరో ఫోను చూసుకుంటున్నారు. ఎవరో ఆవలించారు.
నేను నోట్లోనే లెక్కపెట్టాను.
లిప్త అంటే రెప్పపాటని మా నాన్నమ్మ పంచాంగం లెక్క.
ఏడు సెకన్లకి ఎన్ని లిప్తలో
ఆ వేళ తెలిసింది.

"గౌరవ సభ్యుని సమయం ముగిసింది."

వాక్యం నడుమనే తెగింది.
నేను వాళ్ళ మాటల్ని లోపల తెలుగు చేసుకుంటూ వింటాను,
మనకేమో క్రియ చివర్నుంటుంది.
అందుకే అతను సభని ఏం చెయ్యమన్నాడో
నా వరకు ఇంకా రాలేదు.

చర్చ వాయిదా వేశారు.
బిల్లుని జాబితాలో చేర్చారు.
ఇక్కడొక నియమం ఉంది:
వరసగా ఎనిమిది సోమవారాలు పిలుపు రాకపోతే
జాబితాలోంచి దానంతటదే రాలిపోతుంది.
ఎవరూ కొట్టెయ్యక్కర్లేదు,
ఎవరూ లేచి కాదనక్కర్లేదు,
ఏ చేతికీ మరక లేదు.

మా పెద్దత్త పదహారు సోమవారాల నోము నోచింది,
వాచిన మోకాళ్ళతో, ఒక్క వారం తప్పకుండా.
ఇక్కడ ఎనిమిదికే ఉద్యాపన.
ప్రసాదం లేదు.

రెండో సోమవారాన్ని ఒక సంతాప తీర్మానం మింగింది.
నడుమ చలికాలం సెలవులు.
సెలవుల్ని లెక్కలోకి తీసుకోరు, అది కాస్త దయ.
ఐదో వారం జాబితాలో పదిహేడో గీత.
ఏడో వారం ఆట్రిజ్ నన్ను నడవాలో ఆపి
పన్నెండైందా అని అడిగాడు,
గడియారం కిందే నిలబడి.

తొమ్మిదో సోమవారం
పదహారో గీత తర్వాత మళ్ళీ పదిహేడే ఉంది,
ఇంకెవరి పేరుతోనో.
అంకెలు కూడా సర్దుకుని కూర్చున్నాయి.

పైన డల్సీ ఉంది. ఎవరూ చెప్పినట్టు లేదు.
అదే సంచీ.
గంటలు మోగాయి. స్పీకరు వచ్చింది. అందరూ లేచారు.
ఇరవై గ్లాసులు నింపాను.
ఇరవై ఒకటోది పట్టుకుని మెట్లెక్కాను.

ఆమె రెండు చేతులా అందుకుంది.
"మా బిల్లు ఎన్నింటికి?"

గ్లాసు ఆమె చేతిలోనే ఉంది.
నీళ్ళు నమిలింది నేను.