సగం చోక్

మళ్ళీ అదే వరస.
లేస్తుంది, పడుతుంది, లేస్తుంది, పడుతుంది,
ప్రతి మెట్టు దగ్గరా ఆగి
ఎందుకెక్కుతున్నానో మరిచిపోయే ముసలాయనలా.

లారియంలో ఈ శీతాకాలం ఇది మూడో తుపాను.
సుపీరియర్ సరస్సు రాత్రంతా కూర్చుని
మా వీధి మీద దూది ఏకింది.
ఐదున్నరకి నేను స్కూలు బస్సు తియ్యాలి.
బస్సుకీ నాకూ మధ్య నడుము లోతు తెలుపు.

ఈ స్నోబ్లోయర్ మా అన్న రైమో ఇచ్చింది.
ఇచ్చాడని మర్యాదకి అంటున్నాను,
ఫ్లోరిడా పోతూ వదిలేశాడు.
ఇంజను మూత మీద పెన్సిలుతో వాడి రాత:
"సగం చోక్. కదిపావో, చచ్చావే."
పదకొండేళ్ళు కదపలేదు.

ఇవాళ సగం చోక్‌లో కూడా చచ్చింది.

ప్లగ్గు విప్పాను.
నల్లగా ఉంటే తిండి ఎక్కువైనట్టు.
ఇది తెల్లగా ఉంది, సూపులో ఉడికిన ఎముకలా.
అప్పుడు తట్టింది,
బుద్ధి లేకపోతే సరి, ఇన్నాళ్ళకా అని తిట్టుకున్నాను కూడా:
గొంతు సగం నొక్కితే తప్ప పలకనిదానికి
గాలి ఎక్కువై కాదు బాధ,
కడుపులోకి దిగాల్సింది దిగక.

గ్యారేజీలో మైనస్ పద్దెనిమిది.
చేతి తొడుగు తీస్తే ఇనుము వేళ్ళని కరుస్తుంది,
తొడుక్కుంటే బోల్టు దొరకదు.
ఒక చెయ్యి ఇనుముకి, ఒక చెయ్యి చంకలోకి,
వంతులు వేసుకుని
కార్బురేటర్ కింద గిన్నె దింపాను.
అడుగున పచ్చటి జిగురు,
ఎన్ని వేసవుల పెట్రోలో
ఎవరూ దించకపోతే ముదురుపాకమైంది.

ఆ గిన్నెని పట్టి ఉంచే బోల్టు ఉందే,
అది ఉత్త బోల్టు కాదు, దాని గొంతే అది.
పెద్ద బెజ్జం నాకు తెలుసు.
మూడుసార్లు తుడిచి, ఊది,
శుభ్రం అనుకుని బిగించేశాను కూడా.
ఇవాళ బల్బు కింద తిప్పి చూస్తే
మరల పైన ఇంకొకటి,
ఆవగింజలో అరవయ్యో వంతు.

వైర్ బ్రష్షులోంచి ఒక్క పోగు పీకాను.
గుచ్చితే ఆగింది.
తిప్పితే ఆగింది.
ఊపిరి బిగబట్టి ఇంకాస్త తిప్పితే
ఏదో ఒప్పుకుంది.
బల్బుకి అడ్డం పెట్టాను:
ఒక వెలుగు చుక్క.

నాలుగోసారి తాడు లాగితే అంటుకుంది.
అలవాటు కొద్దీ నా చెయ్యి సగం చోక్‌కే పోయింది.
ఉక్కిరిబిక్కిరై నల్లటి పొగ కక్కింది.
భయపడుతూనే పూర్తిగా తెరిచాను.

లేవలేదు, పడలేదు.
ఒకటే గొంతు.
దానితో ఏం చెయ్యాలో నాకే తోచలేదు.

రోజూ నా బూట్ల ముందే కుప్పకూలే మంచు
ఇవాళ ఎగిరి, కంచె దాటి,
ఆర్విడ్ సార్కినెన్ అప్పుడే పార పెట్టి తీసిన దారి మీద
దబ్బున పడింది.
పోస్టు డబ్బా గొడవ నుంచి
రెండు చలికాలాలుగా మాకు మాటల్లేవు.

బయటికొచ్చాడు,
స్నానం గౌను, మోకాళ్ళ దాకా బూట్లు, చేతిలో పార.
నేను ఇంజను ఆపబోతే
వద్దని చెయ్యెత్తాడు.
తల పక్కకి వంచి విన్నాడు,
బిడ్డ దగ్గు వినే డాక్టరులా, చాలాసేపు.

"ఇర్యా, కింద స్క్రూ ఉంటుంది.
ఎడమకి పావు తిప్పు.
దాని ఆకలింకా పూర్తిగా తీరలేదు."

తిప్పాను.
నిజమే.

సారీ, నీ దారి నేనే తీస్తాను అన్నాను.
"ముందు నీ బస్సు," అన్నాడు,
"ఆ గొట్టం మాత్రం రోడ్డువైపు తిప్పుకో."

ఏడు నిమిషాలు ఆలస్యం.
మొదటి స్టాపులో ఒక పిల్ల ఎక్కుతూనే ముక్కు మూసుకుంది,
బస్సంతా పెట్రోలు కంపని.
అవునన్నాను, తలుపు వేశాను.

రైమో రాత ఇంకా ఆ మూత మీదే ఉంది.
తుడవాలి ఎప్పుడో.