పె.గు.

పర్లాకిమిడిలో, టెంట్ హౌస్ మేడమీద నా గది.
రాత్రి పదకొండు దాటింది.
తెరమీద పన్నెండేళ్ళ నాటి డ్రైవరు.
డ్రైవరంటే లారీది కాదని
కూర్మయ్యకి మూడుసార్లు చెప్పాను.
"మరేటి నడుపుతాది?" అన్నాడు మూడోసారీ.

ఎవరు రాశారో, పేరు లేదు.
పి. పి2. టీఎంపీ. మళ్ళీ ఇంకో టీఎంపీ.
ఆరొందల వరసల ఒకే ఒక్క ఫంక్షను.
మెమరీ అడిగి తెచ్చుకోడానికి ఒక గుమ్మం,
బయటికి జారుకోడానికి పద్నాలుగు కిటికీలు.
నడిమధ్యలో ఒక కామెంటు:
దీన్ని కదపొద్దు.

కింద కూర్మయ్యా మేలుకునే ఉన్నాడు.
పోయిన గుమస్తా దండాసి పద్దుల్ని
కొత్త పుస్తకంలోకి ఎక్కిస్తున్నాడు.
సగం ఒడియా, సగం తెలుగు,
తొందరలో రెండూ కానిది కొంత.
"పె.గు. రెండు. కాశీనగర్."
పెద్ద గుండిగలా? పెళ్ళి గుడారాలా?
ఏవైతేనేం, రెండేళ్ళుగా తిరిగి రాలేదు.
దండాసికి తెలుసు.
దండాసికే తెలుసు.

పైకొచ్చి ముందు పేర్లు మార్చాను.
పి ఇకనుంచి, వచ్చిన పొట్లాన్ని పట్టే గిన్నె.
పి2, ఆ గిన్నెల వరస.
మొదటి టీఎంపీ మిగిలిన చోటు, రెండోది ఉత్త లెక్క.
కంపైల్ చేసి పాతదాని పక్కన పెడితే
ఒక్క బైటు తేడా లేదు.
యంత్రానికి పట్టనే పట్టని పని
మూడు రాత్రులు చేశానన్నమాట.

తర్వాత కోత.
ఆరొందల వరసలు ఏడు చిన్న పనులయ్యాయి.
కిటికీలన్నీ ఒక వెనకమెట్ల దారిలోకి తిప్పాను:
ఆఖర్న తెచ్చింది ముందు ఇచ్చేయాలి,
ముందు తెచ్చింది ఆఖర్న.
షామియానా విప్పే కుర్రాళ్ళకి కొత్తేం కాదిది.
లైట్లు, తర్వాత గుడ్డ, అప్పుడు గుంజలు.
ముందే గుంజ పీకినవాడి నెత్తిన
ఇప్పటికీ కుట్లున్నాయి.

అప్పుడు కనపడింది తొమ్మిదో కిటికీ.
తీగ ఊడిన ప్రతిసారీ అక్కణ్ణుంచి పోతోంది,
తెచ్చిన గిన్నె ఇవ్వకుండానే.
పన్నెండేళ్ళుగా.

చెయ్యి ఆడింది గాని ఆగాను.
చదవడానికి చేసిన మార్పు ఒక మూట,
బాగుచేసేది ఇంకో మూట.
కలిపి కడితే రేపు విప్పేవాడు నన్ను తిడతాడు.
"కదపొద్దు" చెరిపి రాశాను:
ఈ దారిలో తిరిగివ్వడం లేదు.
కావాలనో మరిచిపోయో తెలీదు. చూడాలి.
కింద నా పేరు.

మెట్లకిందనుంచి కేక:
"అమ్మా, పొద్దున్నే కాశీనగర్ పోతన్నాను.
గుండిగలైతే బస్సు మీదేసి తెస్తాను.
గుడారాలైతే
నీ డ్రైవర్ని పంపు!"