వీధి మీదకి చాచిన ఇల్లు

మా ఇల్లు నేల మీద ఉన్నది తక్కువ.
వంటగది, రెండు మంచాలు, నాన్న బూట్లు,
అంతవరకే నేల.
మిగతాదంతా గాల్లో:
చెక్క బాల్కనీ, దానికి రంగుటద్దాలు,
అద్దాల్లో ముక్కలుగా టిబిలీసీ.

మొన్న మున్సిపాలిటీ ఇంజనీరు టేపు పట్టుకొచ్చాడు.
"మీటరూ నలభై సెంటీమీటర్లు ముందుకొచ్చింది.
ఇది మీది కాదమ్మా, వీధిది."
అమ్మ అతనికి టీ ఇచ్చింది,
వీధికి చెందిన స్టూలు మీద కూచోబెట్టి.

నాన్న ఒతార్ సినిమా హాల్లో ఆపరేటరు.
జానెడు కిటికీలోంచి ముప్పై ఏళ్ళు
జనం తలల వెనక భాగాలు చూశాడు.
"తెర మీద ఏమీ లేదు, వట్టి సున్నం.
ఉన్నదంతా మధ్యలో, ఆ దుమ్ములో" అనేవాడు.

కరెంటు లేని ఆ చలికాలాల్లో హాలు మూతపడింది.
ఇంట్లో కూచున్న మనిషికి
ఒక తెర కావాలి.
అమ్మ ముఖం దొరికింది.

"మ్యాపుల ఆఫీసులో ఎవడు వాడు?
ఆ నవ్వు ఎవడి కోసం?"
సూపులో ఉప్పెక్కువైతే ఒకడు,
కిరోసిన్ క్యూలో ఆలస్యమైతే ఇంకొకడు.
టిక్కెట్లు చింపే మెదెయా పేరు
మేమెవ్వరం ఎత్తలేదు.
ఆయనే రోజూ భుజాలు తడుముకునేవాడు.

అమ్మ జవాబు చెప్పలేదు.
కమలాపండు ఒలిచింది,
తొక్కంతా తెగకుండా ఒక్క ముక్కగా.
బల్ల మీద పరిచి అరచేత్తో అదిమింది.
అంచులు పిగిలాయి.
"చూడు నుత్సా,
గుండ్రటిదాన్ని చదును చేస్తే
ఎక్కడో చిరుగుతుంది, లేదా ఎక్కడో సాగుతుంది.
దిక్కు తప్పకూడదంటే
మంచు దేశాలు అంతలావు ఉబ్బుతాయి, ఉబ్బనీ.
నేను దిక్కు ఉంచుకున్నాను."

నాకప్పుడు పదకొండేళ్ళు.
భూగోళం పాఠమనుకున్నాను.

ఇప్పుడు నేను జనాభా అంచనాలు వేస్తాను.
"ఇప్పుడున్నట్టే ఉంటే"
ఆ ఒక్క మాట మీద నాకు జీతం.
రాచా కొండల్లో ఒక ఊరు: తొమ్మిది మంది.
పదేళ్ళు ముందుకు జరిపితే ముగ్గురు.
ఇరవై ఏళ్ళకి గడిలో చిన్న గీత పెడతాం,
సున్నా రాయడానికి చెయ్యి రాక.
కిందటి వేసవిలో వెళ్ళి చూశాను.
ముగ్గురిలో ఒకావిడ
నా బ్యాగులో అక్రోట్లు కుక్కుతూ అడిగింది,
"వచ్చే ఏడు ఇంకొంచెం పెద్ద సంచి తెస్తావా?"

పై అంతస్తులో లమారా,
నాటకాల పిల్లలకి గొంతు నేర్పేది.
"అరవకు. చివరి వరసలో
చెవిటి ముసలాడొకడు చలికి వణుకుతున్నాడు.
వాడికి కోటు కప్పినట్టు మాట వెయ్యి."
మా చిన్నతనమంతా సీలింగులోంచి
ఆ కోటు మా మీద పడుతూనే ఉంది.

రేపు బాల్కనీ కోసేస్తారు.
నాన్న పోయి నాలుగేళ్ళు.
రాత్రి మంచం కింద నుంచి ఆయన ప్రొజెక్టరు లాగాను.
రీలు ఒక్కటీ లేదు.
ఊరికే వెలిగించి వీధి వైపు తిప్పాను.
ఎదుటింటి గోడ మీద
నలుచదరం వెలుగు,
అందులో ఒక పగులు, ఒక డ్రైనేజీ గొట్టం.

అయినా కిటికీలు తెరుచుకున్నాయి.
కింద కారు తుడుచుకుంటున్నవాడు
సిగరెట్టు వెలిగించి నిలబడిపోయాడు.
ఎవరేం చూశారో నేనడగలేదు.

అమ్మ కుర్చీ జరుపుకుని
కమలాపండు తీసింది.
ఆవిడ వేళ్ళు మూడంతస్తుల ఎత్తు లేచాయి,
తొక్క ఇంటి కప్పు మీదుగా జారింది.
దిక్కు సరిగ్గానే ఉంది,
కొలతే ఎక్కడికో పోయింది.

అప్పుడు పై నుంచి లమారా:
"పన్నెండయింది. ఆపండి."
గొంతు పెంచలేదు.
వీధి మలుపు దాటి,
కొండ మీది సమాధుల్లో చివరి వరస దాకా
వినిపించే ఉంటుంది.

అమ్మ తలెత్తలేదు.
ఇంకో పండు తీసుకుంది.