తడి గరిటె

రోథరమ్‌లో రాత్రి షిఫ్టు.
పాత ఉక్కు కొలిమి కూల్చేసిన చోట
ఇప్పుడు బీరువా అంత యంత్రం.
అద్దంలోంచి చూస్తే
టైటానియం పొడి మీద లేజర్ చుక్క పరుగు.
పొరకి ముప్పై మైక్రాన్లు,
వెంట్రుకని నిలువునా చీల్చి సగం పారేస్తే మిగిలేంత.
పొర మీద పొర, పొర మీద పొర,
రెండు వేల చిల్లర అయ్యాక
ఎవరి తుంటిలోకో ఒక చిన్న గిన్నె.

పెనం మీదైతే మొదటి అట్టే మొరాయిస్తుంది.
ఇక్కడంతా తిరకాసు:
మొదటిది ముత్యంలా వచ్చింది,
నలభై ఒకటోది మోసం చేసింది.
అదే ఫైలు, అదే లేజర్, అదే డబ్బాలో పొడి.
పైకి నున్నగా, కొలతకి సరిగ్గా,
స్కాన్‌లో మాత్రం గోడ లోపల
ఆవగింజలో అరవయ్యో వంతు అంటారే,
అంత బోలు.

"అంతేగా, పంపేద్దాం" అన్నాడు మేనేజరు.
నాకు బస్సు మెట్టు మీద
ఒంటికాలు ఆన్చిన మనిషెవరో కనిపించారు.
సంతకం పెట్టలేదు.

ఆరు వారాలు.
లెన్సు తుడిచాం, బ్లేడు మార్చాం,
పొడంతా మళ్ళీ జల్లించాం,
ఆర్గాన్ ఎటు వీస్తోందో పొగ పెట్టి చూశాం.
చివరికి చెడిన వాటి తేదీలు
ఒక కాగితం మీద వరసగా రాస్తే
అన్నీ గురువారాలు.

యంత్రానికి వారాలు తెలీవు.

ఈ మధ్య గురువారం రాత్రి పదింటికి
చేపల వేపుడు బండి వస్తోంది.
బెరిల్ ఓగ్లీ పొడి గది పక్క తలుపుకి
చెక్కముక్క అడ్డం పెట్టి వెళ్ళి
అందరికీ కలిపి తెస్తుంది.
రెండు చేతుల నిండా పొట్లాలు,
తలుపెలా తీస్తుంది మరి?
ఆ నాలుగు నిమిషాల్లో
యార్క్‌షైర్ ముసురు లోపలికొచ్చి పోతుంది.
తేమ గీత లేచి కూర్చుని
ఏమీ ఎరగనట్టు మళ్ళీ పడుకుంటుంది.

ఆవకాయ జాడీలో తడి గరిటె!
మా పెద్దత్త అయితే స్కానర్ లేకుండానే
ఎవరు పెట్టారో కూడా చెప్పేది.
బెరిల్‌కి ఇదంతా ఇంగ్లీషులో చెప్పబోతే
వాక్యం జాడీ దగ్గరే ఆగిపోయింది.
గ్రాఫు చూపించాను.

చాలాసేపు చూసింది.
వాళ్ళ నాన్న ఇక్కడే కొలిమి దగ్గర పనిచేశాడు,
మంట రంగు చూసి
పోత పొయ్యాలో ఆగాలో చెప్పేవాడట.
"అయితే అవన్నీ నా వల్లేనా?" అంది.
"తలుపు వల్ల" అన్నాను.
నవ్వలేదు.

పై గురువారం బండి గేటు దగ్గరే ఆగింది.
వానలో గొడుగుల కింద నిలబడి తిన్నాం.
గిన్నె బాగుంది.
ఒకటి బాగుంటే అది సాక్ష్యం కాదు,
పండగ చేసుకోలేదు.
చెక్కముక్క మీద తేదీ వేసి
నా బల్ల మీద పెట్టి పోయింది బెరిల్.

నిన్నటికన్నా ఇవాళ గొప్పగా ఉండకూడదని
మొక్కుకునే పని
నాకు తెలిసి ఇదొక్కటే.

బయట వాన.
తలుపు మూసే ఉంది, చూసొచ్చాను.
ఇంకోసారి చూసొస్తాను.