ఎర్ర చుక్కకు ఇవతల

నరిన్ ఊళ్లో నవంబరు.
ఆస్పత్రి కిటికీ చీలికలో పాత మేజోడు కుక్కాం,
అయినా గాలి ఈల వేస్తూనే ఉంది.

కుర్చీలో కాదిర్‌కుల్,
తొరుగార్త్ కనుమ మీదుగా చైనా సరుకు తెచ్చే లారీ మనిషి.
కుడి దవడ, కింది పన్ను.
ఎండబెట్టిన పెరుగు గోళీ, కురుత్, కొరికాడట.
"పంటి కింద రాయి పడ్డట్టు కాదు డాక్టరమ్మా,
రాయి కింద పన్ను పడ్డట్టయింది."
కనుమ మీద అద్దం దించితే చాలు,
చలి తిన్నగా అందులోకెక్కి కూర్చుంటుందట
దిగమంటే దిగని ప్రయాణికుడిలా.

"పీకెయ్యండి. మా నాన్న ఒకే పటకారుతో
గుర్రాల నాడాలూ పీకేవాడు, ఊళ్లోవాళ్ల పళ్లూ పీకేవాడు.
ఎవరూ పల్లెత్తు మాట అనలేదు."
ఎలా అంటారు, పళ్లుంటే కదా.

చిన్న మంచు ముక్క తాకించాను.
జివ్వుమని భుజాలు ఎగిరాయి.
తీసేశాను. అయిదు లెక్కపెట్టేలోపు సద్దుమణిగింది.
నాకు కావలసింది అదే.
బతికున్నది అరుస్తుంది, ఆపితే ఊరుకుంటుంది.
చావబోయేది రాత్రంతా అరుస్తూనే ఉంటుంది.

మత్తు సూది. రబ్బరు గుడ్డ. మర.
పుచ్చు ముందు తడిసిన అట్టలా వచ్చింది,
తర్వాత తోలులా.
నీళ్లు పీల్చే గొట్టం పట్టుకుని బురుల్
కూతురి బూట్ల ధర చెబుతోంది.
చుట్టూ గోడలు గీరాను, చిన్న చెంచా కిర్రుమనేదాకా.
అడుగు మిగిలింది.

బిష్కెక్‌లో చదువుకునే రోజుల్లో మా మాస్టారు
"కిర్రుమనేదాకా తవ్వు, మచ్చ మిగిల్చేవాడు దొంగ" అనేవారు.
నమ్మి పన్నెండేళ్లు తవ్వాను.
లైబ్రరీలో పనిచేసే సైకాల్ ముందుపన్ను,
ఇంకొక్క గీత, ఇంకొక్కటి అంటుండగా
గసగసాల గింజంత ఎర్ర చుక్క
అడుగున లేచి నన్ను చూసింది.
దూది పెట్టాను. ఆగలేదు.
ఆ ఏడాదే పోయింది ఆ పన్ను.
ఇప్పటికీ బజార్లో కనబడితే నవ్వుతుంది,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

అందుకే ఇక్కడ చెంచా ఆపాను.
టీ డికాక్షను రంగు పొర.
దాని అవతల, వెంట్రుకంత దూరంలో,
ఓ ఎర్ర దారం కొట్టుకుంటోంది
సరుకుతో, కనుమతో తనకేం పని లేనట్టు.
మచ్చని అలాగే వదిలేశాను.
మాస్టారి లెక్కలో ఇవాళ నేను దొంగని.
దాని మీద ఆవగింజంత సున్నపు ముద్ద,
ఆ పైన గట్టి పూత. నొక్కాను. ఆరనిచ్చాను.

"అయిపోయిందా?" మొద్దుబారిన సగం నోటితో.
"నా పని అయింది. ఇక అది చెయ్యాలి."
"ఏది?"
"పన్ను. లోపల్నుంచి గోడ కట్టుకుంటుంది.
మూడు నెలలు దాని జోలికి వెళ్లొద్దు."
"కట్టుకోకపోతే?"
"అప్పుడు నరం తీస్తాను. ఇప్పుడే ఎందుకు?"
చాలాసేపు పైకప్పు చూశాడు.
పంటి బిగువున బతకడం ఒక్కటే తెలిసినవాడికి
బిగువు వదలమనడం ఏం వైద్యమో.

ఫిబ్రవరిలో రాలేదు. కనుమ మూసేశారన్నారు.
రాత్రిళ్లు నా నాలుక
నా పళ్లలోనే అతని పన్ను వెతికేది.

మార్చి చివర్లో వచ్చాడు, బూట్ల నిండా బురద.
ఎక్స్‌రే తీశాం. ఆ పొర కింద
ఇదివరకు లేని ఓ తెల్ల గీత,
పిల్లలు సుద్దతో గీసినంత వంకర.
బురుల్ ముక్కు ఆనించి చూసి
"ఇదేనా? ఇంతేనా?" అంది.
ఇంతే.

మంచు ముక్క తాకించాను.
భుజాలు కదిలాయి, కొంచెం.
"ఉంది" అన్నాడు,
తలుపు తట్టి లోపల మనిషి దగ్గు విన్నవాడిలా.

వెళ్తూ వెళ్తూ బల్ల మీద ఓ సంచి పెట్టాడు.
కురుత్. వాళ్ల పెద్దక్క చేసిందట.
"నేనిక చప్పరిస్తాను. మీరు కొరకండి."

ఒకటి నోట్లో వేసుకున్నాను.
ఎడమవైపుకి నెట్టుకున్నాను.
కుడివైపు నాదీ ఒకటుంది,
ఎవరికీ చూపించనిది.