నలభై ఒకటో ఉచ్చు

సోమవారం పొద్దున్న, తలుపులు తెరవక ముందు
మోకాళ్ళ మీద మొదలవుతుంది నా పని.
బీరువాల కింద, మెట్ల మూలల్లో, పటాల గది గడప దగ్గర
జిగురు పూసిన అట్టముక్కలు, మొత్తం నూట పన్నెండు.
ఒక్కొక్కటీ బయటికి లాగి, భూతద్దం పెట్టి
కార్డు లేకుండా లోపలికొచ్చిన పాఠకుల్ని లెక్కపెడతాను.

వెండిచేప ఒకటి.
సాలీడు కాలు ఒకటి, సాలీడు లేదు.
దారి తప్పిన చీమలు ఏడు, వాటి మీద కేసు లేదు.

పుస్తకాల పురుగని బళ్ళో నన్ను వెక్కిరించేవాళ్ళు.
ఇప్పుడు ఆ పేరుగలవాళ్ళని పట్టుకోవడానికే నాకు జీతం.

నలభై ఒకటో ఉచ్చు, ఉత్తరపు కిటికీ కింద:
ఆవగింజలో సగం, వీపు మీద గోధుమ, తెలుపు చుక్కలు.
తివాచీ పురుగు. ఒకటి కాదు, పదకొండు.
దీని పిల్లలు ఉన్ని తింటాయి, తోలు తింటాయి,
మూడొందల ఏళ్ళనాటి బైండు అంచుని
జంతికలా కొరుక్కు తింటాయి.
పెద్దయ్యాక మాత్రం ఏ పుస్తకమూ వద్దు,
తెల్లపూల పుప్పొడి చాలు.
వయసులో ఊరంతా తిని
ముసలితనంలో ఉపవాసాలుండేవాళ్ళు
మా చుట్టాల్లోనూ ఉన్నారు.

తలెత్తి చూశాను. అద్దం అవతల
పొంగిన పాలు గిన్నె దాటినట్టు స్పైరియా పొదలు.
వాటిని నాటింది యుసేబియో.
నర్సరీ వాడు పారేయబోతుంటే అడుక్కుని
ట్రక్కు ముందు సీట్లో, బెల్టు పెట్టి మరీ తెచ్చాడట.

రెండు వారాలు అతనికి చెప్పలేదు.
రిజిస్టరులో పదకొండు కింద పద్నాలుగు చేరింది,
దాని కింద ఇరవై మూడు.

పై అంతస్తులో సాతెనిక్ దూదిపుల్లతో
ఒక దొరసాని చిత్రం మీది పాత వార్నిషు తీస్తోంది.
ఉమ్మిని మించిన ద్రావకం లేదంటుంది, సిగ్గుపడకుండా.
రోజుకి అరచేతి మేర.
ఇవాళ దొరసాని ఒళ్ళోంచి పూలగుత్తి బయటపడింది.
ఇన్నేళ్ళూ పసుపనుకున్న పూలు, తెల్లవి.
"చూడు, వీటికి ఏ పురుగూ రాదు," అంది.
గర్వంగానే అంది.
కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

చివరికి సామాన్ల గుమ్మం బయట
బోర్లించిన నారింజ పెట్టెల మీద కూర్చుని చెప్పాను.
తమాలే మీది మొక్కజొన్న ఆకు విప్పుతూ విన్నాడు.
"నా పూలు నీ కాయితాలకి గిట్టవన్నమాట, పురుగులమ్మా."
"నీ పూలు కాదు, వాటి చుట్టాలు."
"చుట్టాల్ని రావద్దన్న ఇంట్లో పూలెందుకు పూస్తాయి?"
దానికి మా నియమావళిలో జవాబు లేదు.

నరకలేదు. మూడు రోజులు తవ్వాడు,
వేళ్ళ చుట్టూ మన్ను చెదరకుండా గోనెపట్టా చుట్టి
నిమ్మచెట్ల వెనక వాలులోకి మోయించాడు.
ఆరు పొదల్లో నాలుగు బతికాయి.
ఖాళీ అయిన చోట గులకరాళ్ళు పోశారు,
సందర్శకులు వాటికీ ఫొటోలు తీసుకున్నారు.
కిటికీ దగ్గర తిమింగలాల వేట ఓడల లెక్కలు చదివే
ముసలి హాల్వర్సన్ మర్నాడే వేరే బల్లకి మారాడు.
పూలకోసం అనుకుని నా గుండె చివుక్కుమంది.
ఎండ కళ్ళలో పడుతోందని
ఫిర్యాదు రాసినట్టు తర్వాత తెలిసింది.

మళ్ళీ ఏప్రిల్. నలభై ఒకటిలో ఏమీ లేదు.
ఆ గడిలో సున్నా చుట్టడానికి
ఎప్పుడూ పట్టనంత సేపు పట్టింది.

నిన్న మధ్యాహ్నం గుమ్మం అవతల యుసేబియో,
చేతిలో ఒక కొమ్మ, తెల్లగా.
లోపలికి తేకూడదని తెలుసు, గడప దాటలేదు.
నేనే బయటికి వెళ్ళాను.
అతని కాలరు మడతలో ఆవగింజలో సగం,
వీపు మీద చుక్కలతో, తిన్నది అరక్క
మెల్లగా నడుస్తోంది.

వేలు పెట్టాను, ఎక్కింది.
దాన్ని అలా గోటి మీదే ఉంచుకుని
ముందు కొమ్మ వాసన చూశాను.