మూడో కాపీ

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
రాత్రి పదకొండు దాటాక
రెండు సర్వర్లకి సంబంధం కుదిర్చాను.
ఇక్కడిది చెప్పేది,
బెజవాడ ఆటోనగర్‌లోది వినేది.

నాగుల్ మీరా స్టూలు లాక్కుని
టీ గ్లాసు తిప్పుతూ అడిగాడు:
"చందా కడితే పేపరొచ్చినట్టా?"
అట్టాంటిదే అన్నాను.

ముప్పై ఏళ్ళు కార్బన్ పెట్టి రశీదు రాసిన మనిషి.
మూడో కాపీకి అక్షరం దిగాలంటే
బొటనవేలు తెల్లబడేదాకా నొక్కాలి.
ఆ వేలు ఇప్పటికీ కాస్త వంకరే.

ముందు ఉన్న సరుకంతా కదిలింది.
లక్షా పదివేల టిక్కీలు
కృష్ణ దాటాయి, ఒక్క తుమ్మూ లేకుండా.
ఘాటు రాయడానికి మా పట్టికలో గడి లేదు.

రెండుంపావుకి అటు కరెంటు పోయింది.
ఇటు డిస్కు ఉబ్బడం మొదలైంది.
వాడు చదివేదాకా ఒక్కటీ పారేయనని
స్లాటు మొండికేసింది,
తాళమేసిన గుమ్మంలో
రోజూ పేపరేసే కుర్రాడిలా.
నేను ఖాళీ జాగా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా.
తొంభై ఒకటి శాతం. తొంభై మూడు.

ఆలోగా ఓ లారీ వచ్చింది.
నిద్రమత్తులో ఆయన
తేజ రకాన్ని తాలు అని కొట్టాడు.
నాలుక్కరుచుకుని వెంటనే దిద్దాడు.
"అక్కడికి మంచిదే పోద్దిగా?"

నాలుగింటికి బెజవాడ కళ్ళు తెరిచింది.
ఆబగా చదివింది.
లాగ్ చూశాను:
ముందు తాలు వెళ్ళింది,
దాని వెనకాలే తేజ.

చెప్పాను.
ఆయన వంకర వేలు నిమురుకుని
"కార్బనూ అంతేలే" అన్నాడు,
"కొట్టేసిన గీత కూడా దిగేది."